తాత తుపాకి బస్రాది కాదు

అడవి అంచున ఉన్న ఆ పల్లెలో ఆ ఇంటిని ‘తుపాకి వారిల్లు’ అంటారు. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఒక రైఫిల్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా వెళ్ళిన ముత్తాత దాన్ని వెంట తెచ్చాడని ఇంటిల్లిపాదీ నమ్మారు. రచ్చబండ దగ్గర ఆ కథ చెప్పి మీసం తిప్పిన రోజులున్నాయి.

ఇంటి యజమాని కన్నుమూశాక చిక్కు వచ్చిపడింది. లైసెన్సు ఆయన పేరున ఉంది. ఆయన పోయాక తుపాకిని ఇంట్లో ఉంచుకునే హక్కు కొడుకులకు లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం జాప్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు గల ఆయుధాల వ్యాపారి వద్ద గానీ అప్పగించాలి.

“ముత్తాత తెచ్చిన తుపాకిని ఠాణాలో పెడతామా? అటక మీద ఉండనీ” అన్నాడు పెద్ద కొడుకు.

“కేసయితే ఇద్దరం కోర్టు చుట్టూ తిరగాలన్నా” అన్నాడు చిన్నవాడు.

చివరకు తల్లి గట్టిగా చెప్పడంతో పాత లైసెన్సు పుస్తకాలతో సహా రైఫిల్‌ను స్టేషన్‌కు చేర్చారు.

అక్కడ తుపాకి నెంబరును లైసెన్సులోని నెంబరుతో సరిచూశారు. తుపాకుల మరమ్మతు తెలిసిన పోలీసు ఉద్యోగి ఒకరు గొట్టం మీది గుర్తులు చూసి, “ఇది యుద్ధం తుపాకి కాదు” అనేశారు. పెద్దవాడి ముఖం మాడిపోయింది.

గొట్టం మీద ‘.315’ అనే అంకె ఉంది. పక్కనే మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు ఉంది. అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీ ముద్ర. బి.ఎస్.ఏ. మోటారు సైకిళ్ళు చేసింది కూడా ఆ కంపెనీయే. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సిపాయిల చేతిలో ఉన్నది .303 రైఫిల్. పోలీసుల దగ్గర మన పెద్దలు చూసిన ‘త్రీనాట్‌త్రీ’ అదే.

మరి ఈ .315 ఎందుకు పుట్టింది? తెల్లదొరల భయం వల్ల. 1857 తిరుగుబాటు వారికి పీడకలగా మిగిలింది. 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేశారు. తెల్లవారికి మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నారు. సైన్యం వాడే తూటా పట్టే తుపాకి ప్రజల దగ్గర ఉంటే, బారకాసుల నుంచి దొంగిలించిన తూటాలు అందులో పేల్చవచ్చునని వారి అనుమానం. అందుకే .303ను జనానికి దూరంగా ఉంచారు. ఆస్ట్రియా సైన్యపు తూటాను ఆధారం చేసుకుని, భారతదేశంలోని జనం కోసం .315 తుపాకులు తయారుచేశారు. సైన్యం తూటా అందులో పనికిరాదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా .315 పోలేదు. బెంగాలులోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పౌరుల కోసం అదే కొలతతో రైఫిళ్ళు తయారుచేసింది.

మిగతా కథ లైసెన్సు పుస్తకాల్లో దొరికింది. అందరికన్నా పాత పుస్తకంలో ఉన్నది ముత్తాత పేరు కాదు, తాత పేరు. కొన్నది మద్రాసు దుకాణంలో. కారణం ‘పంట రక్షణ’. రాత్రంతా మంచె మీద కూర్చుని పందుల నుంచి చేను కాపాడుకోవడానికి ఆయన కొన్న తుపాకి అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అనుమతి లేనిదే పందిని కొట్టడానికీ వీల్లేకపోయింది. తుపాకి గోడకే పరిమితమైంది. పని పోయిన తుపాకికి బస్రా కథ ఎవరు అతికించారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

ముత్తాత బస్రా వెళ్ళలేదని దీనికి అర్థం కాదు. తుపాకి మాత్రం ఆయనది కాదు.

ఇలాంటి పాత తుపాకి ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. తుప్పు పట్టిందని ఉప్పు కాగితంతో రుద్దితే అంకెలు, ముద్రలు చెరిగిపోతాయి. దాంతో తుపాకి చరిత్ర పోతుంది. నెంబరు కావాలని చెరపడమైతే నేరమే. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం, లైసెన్సుదారు మరణించాక వారసుల్లో ఒకరు మిగతావారి అంగీకారంతో లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. 70 ఏళ్ళు నిండినవారు, లేదా 25 ఏళ్ళుగా తుపాకి ఉన్నవారు బతికుండగానే వారసుడి పేరు సూచించవచ్చు. 2019 సవరణ తర్వాత ఒకరి పేరున రెండు తుపాకులకు మించి ఉండకూడదు.

చిన్న కొడుకు పేరున దరఖాస్తు పెట్టారు. అన్న, అక్కచెల్లెళ్ళు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. రైఫిల్ ఇప్పుడు స్టేషన్‌లో ఉంది. రసీదును, పాత పుస్తకాలను తల్లి ట్రంకు పెట్టెలో భద్రం చేసింది.

రచ్చబండ దగ్గర ఎవరైనా బస్రా మాట ఎత్తితే పెద్ద కొడుకు ఇప్పుడు మీసం తిప్పడం లేదు. “మా తాత డబ్బిచ్చి కొన్నాడు. పందుల కోసం” అంటున్నాడు.