రాత్రి ఆకలి - చిరుతిండి

చెన్నై వైపునుండి వచ్చు రాత్రి బండి సూళ్లూరుపేటలో ఆగునప్పటికి ఊరిలో అనేక గృహములయందు భోజనములు ముగిసియుండును. ఆ బండి దిగి వచ్చువారు కొందరు, శ్రీహరికోటలో పని ముగించుకొని వచ్చువారు కొందరు, దుకాణము కట్టి ఇల్లు చేరువారు మరికొందరు. వీరిలో ఒళ్లు తగ్గవలెనని నిశ్చయించుకొన్నవారు రాత్రి భోజనమును మానివేయుట కద్దు. పడుకొనబోవు వేళకు ఆకలి మేల్కొనును. చేయి మురుకుల డబ్బావైపు సాగును. పగలంతయు చూపిన నిగ్రహము పావుగంటలో సడలిపోవును. దీనికి ఉపాయమేమో విచారింతము.

రాత్రి తిన్నదెల్ల కొవ్వుగా మారునని పలువురి నమ్మకము. ఇది పూర్తిగా నిజము కాదు. మనము నిద్రించుచున్నను గుండె కొట్టుకొనుచుండును, ఊపిరి ఆడుచుండును. వానికిని ఇంధనము కావలెను. దినముల తరబడి ఖర్చుకంటె తిండి మించినప్పుడు ఆ మిగులు కొవ్వుగా నిలువచేరును. రాత్రి తిండిలోని చిక్కు వేరు. అలసిన మనస్సు కొలతను మరచును.

ఒక గ్రాము కొవ్వు 9 కాలరీల శక్తి నిచ్చును. మాంసకృత్తులుగాని పిండిపదార్థములుగాని 4 కాలరీలే యిచ్చును. నూనెలో వేగిన మురుకులు 30 గ్రాములైన సుమారు 150 కాలరీలు. ఇసుకలో వేగిన సెనగలు అదే తూకమునకు సుమారు 110. తేడా స్వల్పమే గదా యని అనవచ్చును. కాని సెనగలలో ఆరు గ్రాములకు పైగా మాంసకృత్తులును, పీచును కలవు, నమలుటకు సమయము పట్టును, ఆకలి అణగును. వేరుసెనగలు మంచివే యైనను వాని బరువులో దాదాపు సగము కొవ్వే గనుక చిన్న గుప్పెడు చాలును. వెన్న తీసిన పలుచని మజ్జిగ, చక్కెర లేని మీగడ తీసిన పాలు, ఒక జామపండు - వీనిలో ఏదైన ఒకటి తీసికొనవచ్చును.

1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగముగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన ఆహారపదార్థముల విలువలను పట్టికలుగా ప్రకటించినది. మన వంటింటి సరకులకు కూడ అందు లెక్కలున్నవి. ఖరీదైన డబ్బా ఆహారములకై వెదకనక్కరలేదు.

తినుటకు ముందు ఒక గ్లాసు నీరు త్రాగి పది నిమిషములు ఆగి చూడుడు. అలవాటైనచో అది తగ్గిపోవచ్చును. నిజమైన ఆకలియైనచో నిలిచియుండును. అప్పుడు తినదలచినంత గిన్నెలో పోసికొని, డబ్బా మూసి, కూర్చుండి తినుడు. ప్రతి రాత్రియు ఆకలి వేధించుచున్నచో లోపము చిరుతిండిలో లేదు, భోజనములో నున్నది. అన్నము కొంత తగ్గించి పప్పు, కూరలు హెచ్చింపుడు. చేపలు తినువారు వేపుడుకు బదులు పులుసు చేసికొనవచ్చును.

ఒక్క హెచ్చరిక. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక రాత్రి ఆహారమును మానరాదు. కొన్ని మందుల వలన నిద్రలో రక్తమందలి చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ఒళ్లు తగ్గుట ఆరోగ్యమునకే గదా. ఆకలితో పోరి ఆరోగ్యమును పోగొట్టుకొనుటకు కాదు.