నిండా 28 ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల

చాగలమర్రి: మన మండలంలో చాలా ఇళ్ల దేవుని గూట్లో లక్ష్మీదేవి, సరస్వతి పటాలు కనిపిస్తాయి. ఆ ముఖాలకు మూలం కేరళకు చెందిన రాజా రవివర్మ వేసిన నూనె రంగుల బొమ్మలు. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సు వాటిని అచ్చు వేసి ఊరూరికీ చేర్చింది. మరి మన తెలుగువాళ్లలో అంతటి చేయి ఎవరిది? ఈ మాట బస్టాండు దగ్గర నలుగురిని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. ఆ పేరు దామెర్ల రామారావు.

ఆయన రాజమండ్రిలో 1897 మార్చి 8న పుట్టారు. తండ్రి డాక్టరు. పిల్లవాడికి చదువు మీద కన్నా బొమ్మల మీదే ధ్యాస. అక్కడి గవర్నమెంటు ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. కుర్రవాడి చేతిలో ఏముందో ఆయన పట్టుకున్నారు. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు, బొంబాయి వెళ్లమని ప్రోత్సహించారు. (ఈ విలేఖరి ఆరో తరగతిలో లెక్కల నోటుబుక్కులో ఎద్దుల బండి గీస్తే సారు చెవి మెలిపెట్టి బెంచీ ఎక్కించారు. అందరికీ కూల్డ్రే దొర దొరకడు.)

1916లో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. అక్కడి చదువు వేరు. మనిషిని ఎదుట కూర్చోబెట్టి, వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడ ఎక్కడ చిక్కబడింది, ఎముక ఎక్కడ తేలింది చూసి ఉన్నదున్నట్లు గీయాలి. నూనె రంగు అంటే అవిసె నూనెలో నూరిన రంగుపొడి. ఆరడానికి రోజులు పడుతుంది, అందుకే తప్పు పోతే మళ్లీ దిద్దుకోవచ్చు. నీటి రంగుకు ఆ వీలు తక్కువ. రామారావు రెండూ నేర్చినా, ఎక్కువ బొమ్మలు నీటి రంగులతోనే వేశారు.

చదువు ముగిశాక పెద్ద ఊళ్లలో ఉండిపోలేదు. కాఠియావాడ్ ప్రాంతం తిరిగి అక్కడి పల్లె జనాన్ని గీశారు. ఆ తర్వాత సొంత ఊరికే వచ్చి ఇంటినే చిత్రకళా పాఠశాలగా మార్చారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఆ కాలంలో ఇది చిన్న సంగతి కాదు. గోదావరి పుష్కరాల జనం, కొండల నడుమ గోదావరి ఆయన బొమ్మల్లోకి వచ్చాయి.

అన్నిటికన్నా పేరు తెచ్చింది 'ఋష్యశృంగ బంధనం'. అంగదేశంలో వానలు లేక జనం అల్లాడుతుంటే, ఆడమనిషి ముఖం ఎరుగని ముని కొడుకును మాయ చేసి తీసుకొస్తారు. అతడు కాలు పెట్టగానే వాన కురుస్తుంది. వాన కోసం ఆకాశం చూసే మన సీమవాళ్లకు ఈ కథ వేరే చెప్పనక్కరలేదు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆ బొమ్మకు బహుమతి వచ్చింది. 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శనకూ ఆయన చిత్రాలు వెళ్లాయి.

అంతలో మశూచి సోకింది. పల్లెల్లో అమ్మవారు పోసిందనే ఆ జబ్బుతో 1925 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. బొంబాయిలో చేరిన నాటి నుంచి లెక్కిస్తే తొమ్మిదేళ్ల పని. ఆ జబ్బు ప్రపంచంలో లేకుండా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆయనకు ఆ మేలు అందలేదు.

ఆళ్లగడ్డ శిల్పుల రాతి విగ్రహం వందేళ్లు ఎండలో ఉన్నా నిలుస్తుంది. కాగితం మీద రంగు అలా కాదు. తేమ, చెద, ఎలుక, ఏదైనా చాలు. రామారావు బొమ్మలు మిగిలాయంటే, పోయిన మనిషిని మరిచిపోని వాళ్లుండబట్టే. మిత్రుడు, చిత్రకారుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను నిలబెట్టారు, భార్య బొమ్మలను కాపాడారు. అవి రాజమండ్రిలో దామెర్ల రామారావు స్మారక చిత్రకళాశాలలో ఉన్నాయి.

గోదావరి స్నానానికి వెళ్లే మనవాళ్లు నంద్యాలలో రైలెక్కి గుంటూరు, విజయవాడ మీదుగా వెళ్తారు. స్నానం అయ్యాక ఒక గంట అక్కడికీ పోయి చూడవచ్చు. బొమ్మలు గీసే పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి.