అయస్కాంతపు కట్టలో అయానుల నడక

నర్మెట్ట వంటి మెట్టసీమలో వాననీరు నిలువవలెనన్న చెరువుకట్ట గట్టిగా నుండవలెను. కట్టగుండ సన్నని ఊట దిగుట సహజమే. బుంగ పడినచో చెరువు నిలువదు. సూర్యుని యందలి అగ్నిని భూమిపై నిలుపదలచిన శాస్త్రజ్ఞులకును ఇట్టి చిక్కే ఎదురైనది.

డ్యుటీరియం, ట్రిటియం అను రెండు హైడ్రోజను రూపములు సంలీనమై హీలియముగా మారునపుడు అపారమైన శక్తి వెలువడును. దీనికి పది కోట్ల డిగ్రీలకు మించిన వేడి కావలెను. ఆ వేడిలో పరమాణువులు ఎలక్ట్రానులుగను అయానులుగను విడిపోవును. ఈ మిశ్రమమే ప్లాస్మా. దీనికి ఏ పాత్రయు ఓర్వజాలదు. కనుక అయస్కాంత క్షేత్రమునే కట్టగా వేయుదురు.

విద్యుదావేశము గల అయాను బలరేఖ చుట్టు గుండ్రముగా తిరుగుచు, దాని వెంబడి మాత్రమే స్వేచ్ఛగా సాగును. 5 టెస్లాల క్షేత్రములో డ్యుటీరియం అయాను సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నను, అది గీయు వలయపు వ్యాసార్థము దాదాపు 4 మిల్లీమీటర్లే.

రేఖల కొనలనుండి అయానులు జారిపోకుండుటకై రేఖలను కంకణమువలె చుట్టి మూయుదురు. 1950 దశకములో సోవియట్ శాస్త్రజ్ఞులు ప్రారంభించిన టోకమాక్ యంత్రము ఇట్టిదే. కాని కంకణపు లోపలివైపు క్షేత్రము బలముగను, వెలుపల బలహీనముగను ఉండును. అందుచే అయాను క్రమముగా పైకో క్రిందికో జరుగును. బలరేఖలను త్రాటి పేటలవలె మెలిపెట్టినచో, అయాను పైభాగమున ఎంత జరిగినదో క్రిందిభాగమున అంతయు సరిపడును.

అయినను కొన్ని అయానులు బలమైన క్షేత్రమును చొరలేక వెనుదిరుగును. వాని మార్గపు అడ్డుకోత అరటిపండు ఆకారములో నుండును. దాని వెడల్పు మొదటి వలయమునకు మూడు నాలుగు రెట్లు. అయానులు ఒండొంటిని తాకినప్పుడెల్ల ఒక మార్గమునుండి ప్రక్క మార్గమునకు దాటుచు, మెల్లగా వెలుపలికి వచ్చును. ఇది కట్టలోని ఊట వంటిది.

ఈ ఊటను 1960 దశకపు చివర గలీవ్, సగ్దేయెవ్ అను సోవియట్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ప్రయోగములలో మాత్రము అంతకు ఎన్నో రెట్లు వేడి తప్పించుకొనుచుండెను. ప్లాస్మాలో లేచు చిన్న చిన్న సుడులే ఇందుకు కారణము. ఇవియే అసలు బుంగలు.

1982లో జర్మనీలోని గార్షింగ్‌లో, ఆస్‌డెక్స్ యంత్రముపై ఫ్రిట్జ్ వాగ్నర్ బృందము ఒక వింతను గమనించినది. వేడిచేయు శక్తి ఒక హద్దు దాటగనే అంచునగల సుడులు తమంతట అణగి, వేడి నిలుచు కాలము సుమారు రెట్టింపైనది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో 1989లో పనిచేయ నారంభించిన మన ఆదిత్య టోకమాక్‌లోను అంచు సుడులను పరిశోధించిరి. భారతదేశము భాగస్వామిగా ఫ్రాన్సులో నిర్మాణమగుచున్న ఈటర్ యంత్రమును గార్షింగ్‌లో కనుగొన్న ఆ స్థితిని నమ్ముకొనియే రూపొందించిరి.

వేడి ఎంత తక్కువగా జారిన, యంత్రము అంత చిన్నదిగను చౌకగను చేయవచ్చును. సంలీన విద్యుత్తు మన ఇండ్లకు వచ్చుట ఈ సుడులను అదుపుచేయుటపై ఎంతగానో ఆధారపడియున్నది.