మొదటి పాలపన్ను ఊడిందా? దవడ చివర కూడా చూడండి

ఆరేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలకు కింది వరుసలో ముందు పన్ను ఒకటి కదలడం మొదలవుతుంది. కొందరికి అది సంబరం, కొందరికి భయం. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరితే కొత్త పన్ను త్వరగా వస్తుందని పెద్దలు చెప్పడం మన ఊళ్లలో మామూలే. ఆ ముచ్చట వల్ల నష్టమేమీ లేదు. అయితే అదే సమయంలో పిల్లల నోట్లో మరో ముఖ్యమైన మార్పు జరుగుతుంది. దాన్ని చాలామంది తల్లిదండ్రులు గమనించరు.

పన్ను ఎందుకు ఊడుతుంది?

పాలపళ్లు మొత్తం 20. సుమారు ఆరో నెలలో మొదలై మూడేళ్లలోపు అన్నీ వచ్చేస్తాయి. వాటి కింద దవడ ఎముకలో శాశ్వత దంతాలు తయారవుతూ ఉంటాయి. కొత్త పన్ను పైకి వస్తున్నకొద్దీ పాలపన్ను వేరు కొద్దికొద్దిగా కరిగిపోతుంది. పట్టు తప్పిన పన్ను కదిలి ఊడుతుంది. అందుకే ఊడిన పన్నుకు వేరు కనిపించదు. వేరు లోపల విరిగి ఉండిపోయిందేమోనని కంగారు పడనక్కర్లేదు.

ఊడేటప్పుడు ఏం చేయాలి?

కదిలే పన్నుకు దారం కట్టి లాగకండి. పిల్లలు నాలుకతో ఆడించుకుంటూ ఉంటే దానంతటదే ఊడుతుంది. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డను మడిచి, ఆ చోట పెట్టి, పది నిమిషాలపాటు కొరికి పట్టుకోమనండి.

కొందరికి పాలపన్ను ఊడకముందే దాని వెనకాల కొత్త పన్ను కనిపిస్తుంది. పాలపన్ను కదులుతూ ఉంటే కొన్ని వారాలు ఆగి చూడవచ్చు. కదలకుండా గట్టిగా ఉంటే దంతవైద్యునికి చూపించండి. నాలుగేళ్లలోపే పన్ను ఊడినా, ఎనిమిదేళ్లు వచ్చినా ఒక్కటీ కదలకపోయినా చూపించడం మంచిది.

చప్పుడు లేకుండా వచ్చే పన్ను

ఆరు, ఏడేళ్ల మధ్య పాలపళ్ల వరుస చివర, రెండు పక్కలా, పైనా కిందా ఒక్కొక్కటి చొప్పున నాలుగు పెద్ద దవడ పళ్లు వస్తాయి. వీటి కోసం ఏ పన్నూ ఊడదు. అందుకే ఇవి వచ్చిన సంగతే ఇంట్లో తెలియదు. తెలిసినా, ఇవీ పాలపళ్లేనని, పుచ్చిపోతే ఊడి మళ్లీ వస్తాయని అనుకుంటారు. నిజానికి ఇవి శాశ్వత దంతాలు. పోతే మళ్లీ రావు. పైగా కొత్తగా వచ్చిన ఈ పళ్ల మీద లోతైన గాళ్లు ఉంటాయి. అన్నం మెతుకులు, బిస్కెట్లు, చాక్లెట్లు వాటిలో ఇరుక్కుని పన్ను త్వరగా పుచ్చుతుంది.

గుర్తుపట్టడం తేలిక. ముందు పళ్ల మధ్య నుంచి ఒక పక్కకు లెక్కపెట్టండి. ఊడిన పన్ను ఖాళీని కూడా లెక్కలోకి తీసుకోండి. ఆరోది కనిపిస్తే అదే ఈ దవడ పన్ను.

పాలపళ్లనూ నిర్లక్ష్యం చేయవద్దు

"ఎలాగూ ఊడేవే కదా" అని పిప్పిపళ్లను వదిలేయకండి. పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కొత్త పన్నుకు చోటు చాలక వంకరగా వస్తుంది.

ఇంట్లో పాటించవలసినవి

- ఉదయం, రాత్రి రెండుసార్లు బ్రష్ చేయించండి. బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు.
- ఏడెనిమిదేళ్ల దాకా పెద్దవారే దగ్గరుండి తోమించాలి. బ్రష్ చివరి పన్ను దాకా వెళ్లాలి.
- రాత్రి బ్రష్ చేశాక నీళ్లు తప్ప మరేమీ ఇవ్వకండి.
- దవడ పళ్ల గాళ్లు లోతుగా ఉంటే దంతవైద్యులు సీలెంట్ అనే పూత వేస్తారు. దీనికి ఇంజెక్షన్ అవసరం లేదు, నొప్పి ఉండదు.

మీ ఇంట్లో మొదటి పన్ను ఊడిన రోజునే, పిల్లల్ని వెలుతురులో కూర్చోబెట్టి నోరు పెద్దగా తెరవమనండి. దవడ చివర కొత్త పన్ను తెల్లగా కనిపిస్తే, అది జీవితాంతం నమలడానికి పనికివచ్చే పన్ను అని వారికే చెప్పండి. ఆ రాత్రి నుంచే దాన్ని తోమడం నేర్పండి.