నిక్సీ అంకెకు 170 వోల్టులు ఎందుకు?

తడ మేడల మీద నుంచి శ్రీహరికోట రాకెట్లను చూసే పిల్లలకు కౌంట్‌డౌన్ కొత్త కాదు. శ్రీహరికోటలో 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరిన రోజుల్లో, ప్రపంచంలో చాలా ప్రయోగశాలల పరికరాల్లో అంకెలు నిక్సీ గొట్టాల్లోనే నారింజ రంగులో వెలిగేవి.

ఆ గొట్టంలో నియాన్ వాయువు, అంకెల ఆకారంలో పది తీగలు ఉంటాయి. వాయువు మామూలుగా కరెంటును పోనివ్వదు. సుమారు 170 వోల్టులిస్తే దాని పరమాణువులు అయాన్లుగా మారి దారి ఇస్తాయి. వెలిగాక 140 చాలు. మిగతా 30 వోల్టులను రెసిస్టర్ భరించాలి. అది లేకుంటే కరెంటు పెరిగిపోయి గొట్టం పాడవుతుంది.

మరి ఏ అంకె వెలగాలో ఎంచే 74141 చిప్ తట్టుకునేది సుమారు 60 వోల్టులే కదా, కాలిపోదా? ఇదే నాకు బాగా నచ్చే ప్రశ్న. వెలుగుతున్న అంకె గొట్టం వోల్టేజీని 140 దగ్గరే పట్టి ఉంచుతుంది. ఆరిన తీగలను చిప్ 60 దాటనివ్వదు. తేడా 80 మాత్రమే. వెలగడానికి అది చాలదు. చిప్ క్షేమం! సోవియట్ చిప్ కె155ఐడి1 కూడా ఇలాంటిదే.

మీరూ నాలుగు గొట్టాలను వెలిగించాలనుకుంటే, ఒక్కోదానికి 170 వోల్టుల వద్ద 2.5 మిల్లీఆంపియర్ల చొప్పున లెక్కిస్తే 1.7 వాట్లు. 12 వోల్టుల అడాప్టరుతో నడిచి, వోల్టేజీని 170కి పెంచే 3 వాట్ల బూస్ట్ కన్వర్టర్ కొనండి.

స్విచ్ ఆపినా దాని కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది. తెలిసిన పెద్దలు పక్కన లేకుండా ముట్టుకోకండి.