తిండి మానినా ఇన్సులిన్ మానరాదు

సుమ్మాదేవి: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. కరెంటు స్తంభాలు ఒరిగిపోయి ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. సుమ్మాదేవి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వారికి ఆ రోజులు ఇంకా గుర్తే. తోటల నష్టాన్ని అధికారులు లెక్క కట్టారు గాని, ఇన్సులిన్ మీద బతికే మనిషికి కరెంటు లేని ఫ్రిజ్ ఎంత ముప్పో ఆలోచించిన వారు తక్కువ.

చక్కెర వ్యాధిలో ఒక రకం చిన్న పిల్లలకు, పడుచు వయసువారికి వస్తుంది. వీరి ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాదు. పూటపూటా బయటినుంచి అందాల్సిందే. అది అందకపోతే రక్తంలో చక్కెర ఎంత ఉన్నా కండకు ఎక్కదు. గాదె నిండా ధాన్యం ఉండి, తాళం చెవి లేక పస్తులున్నట్లు. అప్పుడు ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కొవ్వునుంచి కీటోన్లనే ఆమ్లాలు పుట్టి రక్తం పులుస్తుంది. దీనినే డాక్టర్లు కీటో అసిడోసిస్ అంటారు. సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. మొదటి మోతాదు సరిగా పనిచేయలేదు. మందును శుద్ధి చేసి మళ్ళీ ఇచ్చాక మూత్రంలో కీటోన్లు పోయాయి. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కారు.

ఇక్కడ చిక్కేమిటంటే, ఈ జబ్బు వేరే జబ్బుల వేషంలో వస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఆపైన కడుపునొప్పి, వాంతులు, ఎగశ్వాస. ఊపిరిలో బాగా మగ్గిన పండు వాసన. ఉద్దానంలో వాంతులనగానే కిడ్నీ మీదికి ఆలోచన పోవడం సహజం. కడుపులో నొప్పి అంటే గ్యాస్ అని సోడా తాగించేవారూ ఉంటారు. ఇన్సులిన్ వాడే మనిషికి వాంతులైతే ముందు చూడవలసింది చక్కెర, కీటోన్లు. అంతవరకూ జబ్బు లేని పిల్లవాడు చిక్కిపోయి, రాత్రుళ్ళు పక్క తడుపుతూ, నీళ్ళకోసం లేస్తుంటే ఒక్క చుక్క రక్తం పరీక్ష చేయిస్తే చాలు, అనుమానం తీరుతుంది.

చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటుంది. జ్వరం వచ్చింది, అన్నం సయించలేదు, కాబట్టి ఈ పూట సూది ఎందుకని మానేస్తారు. జ్వరంలోనే చక్కెర ఎక్కువ పెరుగుతుంది. మోతాదు మార్చాలంటే డాక్టరును అడగాలి; పూర్తిగా మాత్రం మానరాదు. మూడు నాలుగు గంటలకొకసారి చక్కెర చూసుకోవాలి. 250 దాటితే మందుల షాపులో దొరికే కీటోన్ పట్టీతో మూత్రం పరీక్షించుకోవాలి. నీళ్ళు, మజ్జిగ కొద్దికొద్దిగా తాగుతుండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం నీరు ఎంత తాగాలో డాక్టరునే అడగాలి. తోటలో కాయలున్నాయి కదా అని కొబ్బరినీళ్ళు పట్టించరాదు. అందులోని పొటాషియం వారికి చేటు.

పట్నాల్లో కొందరు ఇప్పుడు సూదికి బదులు నడుముకు ఇన్సులిన్ పంపు కట్టుకుంటున్నారు. ఖరీదు లక్షల్లో ఉంటుంది. సెలవులకు ఊరు వచ్చే పిల్లల ఒంటిమీద కనబడితే దాని గుణం పెద్దవాళ్ళకూ తెలియాలి. సన్నని గొట్టం ద్వారా గంటగంటకూ కొద్దికొద్దిగా మందు చర్మం కిందికి వెళుతుంది. అది త్వరగా పనిచేసి త్వరగా అరిగిపోయే ఇన్సులిన్. ఒంట్లో నిలవ ఉండదు. గొట్టం మడతపడినా, గాలిబుడగ చేరినా, ఉక్కపోత చెమటకు పట్టీ ఊడినా కొద్ది గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. చక్కెర పెరిగి, కీటోన్లు కనిపిస్తే పంపును నమ్ముకోరాదు. డాక్టరు చెప్పి ఉంచిన మోతాదు సిరంజితోనో పెన్నుతోనో వేసి, గొట్టం, సూది కొత్తవి మార్చాలి. పంపు ఉన్న ఇంట కూడా సిరంజి, విడి ఇన్సులిన్ తప్పక ఉండాలి. స్నానానికో సముద్రానికో పంపు తీసినా గంటలో తిరిగి తగిలించుకోవాలి.

ఇక నిలవ సంగతి. తెరవని సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, మంచు పేరుకునే గదిలో మాత్రం కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట మామూలుగా నాలుగు వారాలు ఉంటుంది. కరెంటు పోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, లోపల చిన్న కుండ పెట్టి, నీరు చొరని డబ్బాలో సీసా ఉంచి, తడిగుడ్డ కప్పి గాలి తగిలే నీడలో పెట్టాలి. తీరంలో గాలికి తేమ ఎక్కువ కనుక మెట్ట ప్రాంతంలో అంత చల్లబడదు, అయినా పొయ్యి పక్క అలమర కంటె ఎంతో మేలు. చూడడానికి తేటగా ఉన్నా మందు చెడి ఉండవచ్చు. వేసినా చక్కెర దిగకపోతే సీసా మార్చాలి. పలాసలో రైలెక్కి దూరాలకు కూలికి పోయేవారు మందును పెట్టెలో కాక చేతిసంచిలో ఉంచుకోవాలి.

వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, మత్తు కమ్మినా ఇంటి వైద్యంతో పొద్దు పుచ్చరాదు. 108కు ఫోను చేసి టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ప్రభుత్వ పెద్దాసుపత్రికి చేర్చాలి. అక్కడ సెలైను, ఇన్సులిన్ ఎక్కిస్తూ గంటగంటకూ రక్తం చూస్తారు. గుమ్మంలోనే ఇన్సులిన్ వాడే మనిషి అని చెప్పాలి. చివరి సూది ఎప్పుడు వేశారో చెప్పి, వాడుతున్న సీసా, చీటీ చూపించాలి.