వార్తల్లో పదం: సాకెట్

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ ప్రారంభించాక సర్వర్ల మాట మన ఇళ్లలోకీ వచ్చింది. ఆ సర్వర్ ప్రాసెసర్ ఇంటి కంప్యూటర్‌కు సరిపోతుందా? మొదట తేల్చేది సాకెట్.

మదర్‌బోర్డుపై ప్రాసెసర్ కూర్చునే గూడే సాకెట్. ఇంటెల్ 12వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అడుగున 1700 కాంటాక్టులుంటాయి. 2023 నాటి ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ స్కేలబుల్‌కు 4677. ఒకదాని గూట్లో మరొకటి పట్టదు.

గూడు కుదిరినా చాలదు. 2015లో వచ్చిన జియాన్ ఈ3 వీ5 డెస్క్‌టాప్ తరహా 1151 సాకెట్‌లోనే కూర్చుంటుంది. కానీ మామూలు డెస్క్‌టాప్ చిప్‌సెట్‌తో పనిచేయదు. సర్వర్ల రిజిస్టర్డ్ ర్యామ్ కూడా మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో పనిచేయదు.

అలియాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీదుగా సికింద్రాబాద్ వెళ్లి పాత జియాన్ కొనాలనుకునే విద్యార్థులారా! ముందు మీ బోర్డు కంపెనీ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా చూడండి. అందులో పేరుంటేనే డబ్బు చెల్లించండి.